బాగా కనిపించే కంటికే "హై రిస్క్" అని రాశారు. ఈ గ్రేడ్ చూసి వైద్యం ఫలితం ముందే చెప్పొచ్చా?

చిన్నకొడుకు
మా నాన్నకి 58 ఏళ్లు, షుగర్ వచ్చి 17 ఏళ్లయింది. పోయిన వారం చుక్కలు వేసి రెండు కళ్లూ చూశారు, చేతి నరానికి రంగు మందు ఎక్కించి ఫొటోలు కూడా తీశారు. రిపోర్టులో కుడి కన్ను "ఎర్లీ పీడీఆర్, మాక్యులాలో వాపు" అని, ఎడమ కన్ను "హై రిస్క్ పీడీఆర్" అని ఉంది. పీడీఆర్ అంటే షుగర్ వల్ల కంటి వెనక పొర రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టడమట, మాక్యులా అంటే ఆ పొర మధ్యలో సూటి చూపునిచ్చే చోటట. కుడి కంటితో బోర్డు మీద 6/18 వరకే చదివారు. ఎడమ కంటితో మామూలు చూపు 6/6కి దగ్గరగా 6/9 చదివారు. బాగా కనిపించే కంటికి పెద్ద గ్రేడ్ ఎలా వచ్చింది? నాన్న కూడా అదే పట్టుకున్నారు. "కనిపించే కంటిని కాల్పించుకుని పాడు చేసుకోమంటావా" అంటున్నారు. ఒక డాక్టర్ ఈ వారమే లేజర్ మొదలుపెట్టాలన్నారు. ఇంకోచోట చూపిస్తే ఇంజెక్షన్‌తో మొదలుపెడదాం అన్నారు. గ్రేడ్ ఒకటే అయినప్పుడు మాటలు రెండెందుకు? అసలు ఈ గ్రేడ్ చూసి రేపు చూపు ఉంటుందో పోతుందో చెప్పగలరా? మూడు రోజులుగా ఇంట్లో ఒకటే టెన్షన్.

కళ్లజోడు_బాబాయ్
కళ్ల పరీక్షలు చేయడమే నా పని, డాక్టర్ని కాదు. మీ రిపోర్టులో రెండు వేర్వేరు సంగతులున్నాయి, మీరు కలిపి చదువుతున్నారు. 6/9 అన్నది మాక్యులా ఈ రోజు ఎలా పనిచేస్తోందో చెబుతుంది. గ్రేడ్ చెప్పేది రెటీనా మీద కొత్త రక్తనాళాలు ఎక్కడ పుట్టాయి, ఎంత మేర పాకాయి, రక్తం కారిందా లేదా అని. అవి ఎక్కువగా రక్తం కార్చనంతవరకు, మాక్యులా జోలికి రానంతవరకు మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. కుడి కంటిలో చూపు తగ్గింది మాక్యులా వాపు వల్ల.

సూదిభయం
బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాకు ముందు రోజు వరకు 6/6. పొద్దున పేపర్ చదువుతుంటే కంటి ముందు మసి దారాలు వేలాడినట్టు కనిపించాయి. సాయంత్రానికి ఆ కంటికి వెలుతురు ఉందా లేదా అన్నంతవరకే తెలిసింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. మీ నాన్నగారికి ఈ పోస్టు చదివి వినిపించండి.

మబ్బుకన్ను
గ్రేడ్ మీద మరీ అంత నమ్మకం పెట్టుకోకండి. మా అమ్మకి "హై రిస్క్" అన్న మాట ఎవరూ రాయలేదు. మొదట్లో తక్కువగానే ఉందన్నారు. రెండేళ్లకి ఆ కన్ను పోయింది. మా పక్కింటి పెద్దాయనకి హై రిస్క్ అన్నారు, లేజర్ చేశారు, ఎనిమిదేళ్లయినా ఇప్పటికీ చదువుకుంటున్నారు. ఇక గ్రేడ్ వల్ల ఒరిగిందేమిటి?

రెటీనా_డ్యూటీ
రెటీనా విభాగంలో శిక్షణలో ఉన్న డాక్టర్ని. కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు ఈ నాళాలు ఎందుకు పుడతాయో చెప్తాను. షుగర్ వల్ల రెటీనాలోని సన్నటి నాళాలు మూసుకుపోతాయి. అక్కడి కణాలకి ఆక్సిజన్ అందక వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ని వదులుతాయి. కంటి లోపలి ద్రవంలో అది ఎక్కువగా ఉంటోందని 1994లో తేలింది. ఆ పిలుపుకి కొత్త నాళాలు మొలుస్తాయి. కానీ వాటి గోడలు బలహీనం, కారుతూనే ఉంటాయి. పైగా రెటీనాలో ఉండకుండా ముందున్న విట్రియస్ జెల్‌ని పట్టుకుని పాకుతాయి. వయసుతో, జబ్బుతో ఆ జెల్ ముడుచుకున్నప్పుడు వాటిని లాగుతుంది. లాగితే రక్తం. ఇంకా లాగితే రెటీనా ఊడుతుంది.

మనం వాడే "హై రిస్క్" అన్న మాట 1970లలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీ నుంచి వచ్చింది. వాళ్లు నాలుగు ప్రశ్నలు వేసుకున్నారు. కొత్త నాళాలు ఉన్నాయా? కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోట, అంటే డిస్క్ మీద గానీ దాని పక్కనే గానీ ఉన్నాయా? ఒక మోస్తరు కంటే ఎక్కువ మేర ఉన్నాయా? రక్తం కారిందా? నాలుగింట్లో మూడింటికి అవునంటే హై రిస్క్. డిస్క్ మీదైతే డిస్క్ వైశాల్యంలో పావు నుంచి మూడో వంతు ఉన్నా "ఎక్కువ" కిందే లెక్క. డిస్క్‌కి దూరంగా అయితే సగం డిస్క్ అంత ఉండాలి. చోటుని బట్టి కొలత మారడానికి కారణం, డిస్క్ మీద పుట్టినవి చూపుకి ఎక్కువ హాని చేయడం.

ఈ ప్రశ్నల్లో "మీకు ఎంతవరకు కనిపిస్తోంది" అన్నది లేదు, గమనించండి. చిన్నకొడుకు గారి ప్రశ్నకి అదే జవాబు.

లెక్కలమాస్టారు
డాక్టరమ్మా, అంకెలు ఉంటే పెట్టండి. "రిస్క్" అనగానే ఒకరు నూటికి తొంభై అనుకుంటారు, ఇంకొకరు నూటికి రెండు అనుకుంటారు.

రెటీనా_డ్యూటీ
మాస్టారూ, అదే స్టడీలో హై రిస్క్ కళ్లని వైద్యం లేకుండా వదిలేస్తే రెండేళ్లలో 100కి 26 కళ్లు తీవ్రంగా చూపు కోల్పోయాయి. లేజర్ చేసినవాటిలో 11. ఆ స్థాయికి రాని కళ్లలో వైద్యం లేకుండా 7, చేస్తే 3. తీవ్రంగా అంటే 5/200 కంటే తక్కువకి పడిపోవడం, అంటే మామూలు కన్ను 200 అడుగుల నుంచి చదివేదాన్ని 5 అడుగుల నుంచి కూడా చదవలేకపోవడం. అది కూడా నాలుగు నెలల తేడాతో రెండుసార్లు వరుసగా అలాగే ఉంటేనే లెక్కలోకి తీసుకున్నారు.

లెక్కలమాస్టారు
అయితే చిన్నకొడుకు గారూ, ఇది మీ నాన్నగారికి ఒక కాగితం మీద వేసి చూపించండి. లేజర్ రెండు రకాల కళ్లలోనూ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించింది. నిష్పత్తి దాదాపు ఒకటే. కానీ ఎర్లీ కళ్లలో 100కి 4 కళ్లు దక్కాయి, హై రిస్క్ కళ్లలో 15 దక్కాయి. అంటే వైద్యం వల్ల ఎక్కువ లాభం పొందేది ఆ "పెద్ద గ్రేడ్" కన్నే. కనిపించే కన్ను కాబట్టి పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉన్నదీ దానికే.

మబ్బుకన్ను గారికి కూడా ఒక మాట. ఆ 7లో మీ అమ్మగారు ఉన్నారు, ఆ 89లో మీ పక్కింటి పెద్దాయన ఉన్నారు. గ్రేడ్ తప్పయిందని దీన్నిబట్టి చెప్పలేం.

మబ్బుకన్ను
మా అమ్మ మీకు ఏడులో ఒకటి కావచ్చు మాస్టారూ. మాకు ఉన్నది ఒక్కర్తే.

లెక్కలమాస్టారు
నిజమే. నేను అలా రాసి ఉండకూడదు. మన్నించండి. అమ్మగారికి ఏం జరిగిందో చెప్పగలిగితే చెప్పండి. అంకెలతో ఆగిపోకుండా వింటాను.

మబ్బుకన్ను
పర్వాలేదు. అమ్మకి మొదటిసారి చూసినప్పుడు నాళాలు తక్కువే కానీ "తెల్ల పొరలా ఉంది" అన్నారు. ఆరు వారాల్లో మళ్లీ రమ్మన్నారు. అప్పుడే నాన్న ఆపరేషన్, తర్వాత నా కాన్పు. వెళ్లేసరికి పదకొండు నెలలు. అప్పటికి రెటీనా లాగేసి ఊడింది. ఆపరేషన్ చేశారు గానీ చూపు రాలేదు.

రెటీనా_డ్యూటీ
మబ్బుకన్ను గారూ, మీరు చెప్పిన ఆ "తెల్ల పొర" చాలా ముఖ్యం. ఎంత మేర నాళాలున్నాయన్న కొలతలో అది సరిగ్గా పట్టుబడదు. లేత నాళాలు వట్టి దారాల్లా ఉంటాయి. రెటీనాకి లేజర్ వేసినా, వీఈజీఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్ కంట్లో ఇచ్చినా అవి ముడుచుకుపోతాయి. అవే కొన్ని నెలలు ఉంటే చుట్టూ మచ్చపొర కడతాయి. అప్పుడు మందుతో నాళం ఎండుతుంది గానీ పొర పోదు, పైగా బిగుసుకుంటుంది. అందుకే పొర ఎక్కువగా ఉన్న కంటికి ఇంజెక్షన్ ఇచ్చాక కొన్ని రోజుల్లో, వారాల్లో రెటీనాని లాగేయడం చూస్తుంటాం. ఆపరేషన్‌కి ముందు ఇస్తే ఎక్కువ ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసేది అందుకే. ఫలితం ఎలా ఉంటుందని నన్నడిగితే నాళాల కొలత కంటే ముందు పొర ఎంత ఉందో, మాక్యులాకి ఎంత దగ్గరో చూస్తాను.

పదకొండు నెలల సంగతిలో మీ తప్పేమీ లేదు. ఇంట్లో మూడు ఒకేసారి వచ్చి పడ్డాయి.

ఫొటోగ్రేడర్
నా ఉద్యోగమే ఇది. పరిశోధనల కోసం వచ్చే రెటీనా ఫొటోలకి గ్రేడ్ ఇస్తాం. మేం వాడే స్కేల్‌లో 61, 65, 71, 75 ఇలా స్థాయిలుంటాయి. 61 అంటే తక్కువ మేర కొత్త నాళాలు, 65 మధ్యస్తం, 71, 75 హై రిస్క్. 81, 85 అంటే ముదిరిపోయింది. ఫొటో మసకగా ఉంటే 90, అంటే గ్రేడ్ ఇవ్వలేం. ఇది చూసి 90 శాతం పాడైందని భయపడినవాళ్లు ఉన్నారు. ఇవి శాతాలు కావు, మార్కులూ కావు. 65కి 71కి మధ్య ఆరు మెట్లు లేవు, ఒకటే మెట్టు.

మేం అంచనాగా రాయం. ఎదురుగా ఒక ప్రామాణిక ఫొటో ఉంటుంది. డిస్క్ మీది నాళాలకి అది 10ఏ. వచ్చిన ఫొటోని దాని పక్కన పెట్టి అంతకంటే తక్కువా, సమానమా, ఎక్కువా అని తేలుస్తాం. మా దగ్గర ఇద్దరం విడివిడిగా చూస్తాం, తేడా వస్తే మూడో మనిషి చూస్తారు. ఓపీలో డాక్టర్ గారికి అంత తీరిక ఉండదు. కంటి అంచనాతోనే రాస్తారు. అంచున ఉన్న కేసుల్లో ఒకరు ఎర్లీ అని, ఒకరు హై రిస్క్ అని రాయడం జరుగుతుంది.

కవలల_అమ్మ
షుగర్ కేసు కాదు గానీ చిన్నకొడుకు గారి ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. నాకు 28 వారాలకే కవలలు పుట్టారు. నెలలు తక్కువ పిల్లల రెటీనాలో నాళాలు పూర్తిగా ఎదగవని, తర్వాత అడ్డదిడ్డంగా పెరగొచ్చని అప్పుడే విన్నాను. అది రెటీనాలో ఏ చోట ఉందో జోన్, ఎంత ముదిరిందో స్టేజ్ అంటారట. పాపకి "జోన్ 2, స్టేజ్ 2, ప్లస్ ఉంది" అన్నారు. బాబుకి "జోన్ 2, స్టేజ్ 3, ప్లస్ లేదు" అన్నారు. స్టేజ్ 3 కదా అని బాబు కోసం ఏడుస్తూ కూర్చున్నాను. వాళ్లేమో పాపకి రెండు రోజుల్లో లేజర్ చేశారు, బాబుని వారం వారం చూస్తాం అన్నారు! పొరపాటున పిల్లల పేర్లు తారుమారయ్యాయేమో అని నర్సుని రెండుసార్లు అడిగాను.

తర్వాత తెలిసింది, వెనక నాళాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటే దాన్నే "ప్లస్" అంటారని, జబ్బు జోరు మీద ఉందనడానికి అదే గుర్తని. బాబుది దానంతట అదే తగ్గింది. ఇప్పుడు ఇద్దరికీ ఆరేళ్లు, ఇద్దరికీ కళ్లజోళ్లు. ఒకరి జోడు ఒకరు పెట్టుకుని ఇల్లంతా తిరుగుతారు.

రెటీనా_డ్యూటీ
కవలల_అమ్మ గారి అనుభవం మా క్లాసులో పాఠంగా చెప్పాల్సింది. నెలలు తక్కువ పిల్లల కళ్ల మీద 2003లో వచ్చిన ఈటీఆర్‌ఓపీ అధ్యయనం అచ్చం ఇదే తేల్చింది. పాపది టైప్ 1, అంటే 48 నుంచి 72 గంటల్లో వైద్యం. బాబుది టైప్ 2, అంటే దగ్గరగా గమనించడం. స్టేజ్ అంకె ఒక్కటే చూస్తే తలకిందులవుతుంది. అయితే ప్లస్ ఉందా లేదా అన్నదాని మీద అనుభవమున్న డాక్టర్ల మధ్య కూడా తేడాలొస్తాయి. అందుకే 2021లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణలో ప్లస్‌ని ఉంది, లేదు అని రెండు ముక్కలుగా కాకుండా కొద్దికొద్దిగా పెరిగే మార్పుగా చూడాలని రాశారు.

అద్దంపొర
నాది కంటి ముందు భాగం, కార్నియా. చిన్నప్పటి ఇన్ఫెక్షన్‌తో మచ్చ పడి దాని మీదకి రక్తనాళాలు పాకాయి. మామూలుగా కార్నియాలో నాళాలే ఉండవు కదా, అందుకే అది అద్దంలా ఉంటుంది. మార్పిడి చేయించుకుందామని వెళ్తే డాక్టర్ కార్నియాని నాలుగు భాగాలుగా గీసి చూపించారు. మూడు భాగాల్లో లోతుగా నాళాలున్నాయి. రెండు భాగాలు దాటి లోతుగా ఉంటే కొత్త కార్నియాని శరీరం తిప్పికొట్టే ప్రమాదం ఎక్కువ అన్నారు. నాళం దారి వేసినట్టే, దాని వెంట రక్షణ కణాలు వస్తాయట.

ఆపరేషన్ వద్దనలేదు. ముందు సన్నటి సూదితో పెద్ద నాళాల్ని కాల్చారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, కొన్ని నెలలు ఆగి అప్పుడు మార్చారు. నాలుగేళ్లయింది, స్పష్టంగా ఉంది. చుక్కలు మాత్రం ఇప్పటికీ మానలేదు. నా విషయంలో ఆ గ్రేడ్ ఏది ముందు, ఏది తర్వాత అన్నది నిర్ణయించింది.

వెలుగుచార
మావారికి రెటీనాలోని పెద్ద సిర మూసుకుపోయింది. మూడో నెలలో నల్లగుడ్డు అంచున సన్నటి ఎర్ర నాళాలు కనిపించాయి. ఇంజెక్షన్ ఇస్తే వారంలో మాయమైపోయాయి. సంబరపడ్డాం. కానీ కంటి ప్రెషర్ దిగలేదు. అద్దం ఆనించి కంటి లోపలి ద్రవం బయటికి పోయే కోణం చూస్తే అప్పటికే సగానికి పైగా అతుక్కుపోయి ఉంది. నాళాలు ఎండాయి గానీ మూసుకున్న కోణం మళ్లీ తెరుచుకోలేదు. చివరికి ప్రెషర్ ఆపరేషన్ చేయాల్సొచ్చింది. చిన్నకొడుకు గారూ, చుక్కలు వేసి పాప పెద్దది చేయకముందే నల్లగుడ్డు అంచు, కోణం చూశారా అని అడగండి. చుక్కలు వేశాక ఆ సన్న నాళాలు కనిపించకపోవచ్చని మాకు చెప్పారు.

కళ్లజోడు_బాబాయ్
వెలుగుచార గారు మంచి మాట గుర్తుచేశారు. ఇక లేజర్, ఇంజెక్షన్ సంగతి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఇంజెక్షనే. 2015లో ప్రోటోకాల్ ఎస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలొచ్చాయి. రెండేళ్లకి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల చూపు లేజర్ వాళ్లకి ఏ మాత్రం తీసిపోలేదు. పక్క చూపు ఎక్కువ మిగిలింది, మాక్యులా వాపు తక్కువగా వచ్చింది. లేజర్ అంటే రెటీనా అంచుల్లో వెయ్యికి పైగా మచ్చలు. రాత్రి చూపు తగ్గిందని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎంతమందో.

సూదిభయం
బాబాయ్ గారూ, ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను. నేను ఇంజెక్షన్ల మీదే ఉన్నాను. నాలుగు తీసుకున్నాక అంతా ఎండిపోయింది అన్నారు. బాగుంది కదా అని, సూదంటే భయం కూడా కలిసి, ఐదు నెలలు వెళ్లలేదు. పైన రాసిన మసి దారాలు ఆ ఐదో నెల సంగతే. లేజర్ అప్పుడే పూర్తిగా చేసి ఉంటే నా బద్ధకానికి అంత శిక్ష పడేది కాదు.

రెటీనా_డ్యూటీ
ఇద్దరూ నిజమే చెప్పారు. ప్రోటోకాల్ ఎస్‌లో ఐదేళ్లకి కూడా రెండు గుంపుల చూపు ఇంచుమించు సమానం. కానీ అది క్రమంగా పిలిచి, గుర్తుచేసి చూసిన అధ్యయనం. బయట అలా జరగదు. మధ్యలో ఆరు నెలలకి పైగా రాకుండా పోయిన రోగుల్ని పోల్చి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవాళ్ల కళ్లు లేజర్ చేయించుకున్నవాళ్ల కంటే బాగా దెబ్బతిన్నాయి, రెటీనా లాగి ఊడిపోయిన కేసులూ వాళ్లలోనే ఎక్కువ. మందు కొన్ని వారాలే పనిచేస్తుంది, లేజర్ ప్రభావం నిలిచిపోతుంది. "ఈ మనిషి మళ్లీ రాగలడా" అన్నది ఏ గ్రేడ్‌లోనూ ఉండదు, నేను మాత్రం ప్రతిసారీ అడుగుతాను.

కళ్లజోడు_బాబాయ్
రాగలిగేవాళ్లకి ఇంజెక్షన్ అన్న నా మాట అలాగే ఉంచుతాను. కానీ సూదిభయం గారి లాంటి కేసులు నేనూ చూశాను. ఆ మేరకు ఒప్పుకుంటున్నాను.

లెక్కలమాస్టారు
ఒక సందేహం. ఆ 26, 11 లెక్కలు యాభై ఏళ్ల నాటివి. ఇప్పటికీ అవే నిలుస్తాయా?

రెటీనా_డ్యూటీ
యథాతథంగా తీసుకోకూడదు. అప్పుడు షుగర్, బీపీ అదుపు ఇప్పటిలా లేదు, ఇంజెక్షన్లు లేవు, రెటీనా పొరల్ని స్కాన్ చేసే ఓసీటీ లేదు. ఇప్పటి కళ్లకి ఫలితాలు మెరుగ్గానే ఉంటాయి. కానీ ఏ కన్ను ఏ కంటికంటే ముందు ప్రమాదంలో పడుతుందన్న వరుస మారలేదు.

ఫొటోగ్రేడర్
ఇంకొకటి కలుపుతాను. పాత గ్రేడ్ 30 డిగ్రీల ఫొటోలు ఏడు తీసి ఇచ్చేది. ఇప్పటి వైడ్ కెమెరాలు ఇంకా అంచుల దాకా చూస్తాయి, ఆ ఏడింటికి అందని నాళాలు కొన్ని కనిపిస్తాయి. రంగు మందు లేకుండా ఓసీటీ యాంజియోలో కూడా నాళాల ఆకారం బాగా కనిపిస్తుంది గానీ కారుతోందా లేదా అన్నది తెలియదు. కాబట్టి పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో తీసినవేనా చూసుకోండి. లేకపోతే జబ్బు పెరగకుండానే పెరిగినట్టు అనిపిస్తుంది.

చిన్నకొడుకు
అందరి పోస్టులూ నాన్నకి చదివి వినిపించాను. ఈ రోజు మళ్లీ మొదటి డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి మీరు చెప్పినవన్నీ అడిగాను. ఎడమ కంట్లో నాళాలు డిస్క్ మీదే ఉన్నాయి, డిస్క్‌లో సుమారు మూడో వంతు. దాని కింద చిన్న గీతలా రక్తం కారి ఉంది. నాన్నకి తెలియను కూడా తెలియలేదు. తెల్ల పొర లేదన్నారు. నల్లగుడ్డు మీద, కోణంలో ఏమీ లేవన్నారు, చుక్కలకి ముందే చూశారట. కుడి కంట్లో డిస్క్‌కి దూరంగా చిన్న గుత్తి ఒకటే.

రెండో డాక్టర్ గారికి ఫోన్ చేస్తే తేలిందేమిటంటే గ్రేడ్ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. "నెల నెలా వస్తారనుకుని ఇంజెక్షన్ అన్నాను, రాలేనంటే నేనూ లేజరే చెప్తాను" అన్నారు. నాన్న పని మీద రెండేసి నెలలు బయటే ఉంటారు. ఆ సంగతి మేమే చెప్పలేదు.

చివరికి ఎడమ కంటికి మూడు సిట్టింగుల్లో లేజర్. కుడి కంటికి ముందు వాపు తగ్గడానికి ఇంజెక్షన్, లేజర్ సంగతి తర్వాత. వాపు ఉండగా ముందే లేజర్ చేస్తే అది పెరగొచ్చన్నారు. నాన్న ఒప్పుకున్నది మాస్టారి 15 కళ్ల లెక్కకి, సూదిభయం గారి మసి దారాలకి. కవలల పోస్టు మాత్రం మళ్లీ చదివించుకున్నారు.

కవలల_అమ్మ
పిల్లలకి చెప్తాను, ఒక తాతగారు మీ గురించి రెండుసార్లు విన్నారని.

చిన్నకొడుకు
నిన్న మొదటి సిట్టింగ్ అయింది. కాస్త గుచ్చినట్టు ఉందట, సాయంత్రం దాకా మసకగా ఉంది. ఈ రోజు మళ్లీ ముందులాగే చదివారు. కానీ ఉదయం నుంచి ఒక నల్ల చుక్క తేలుతోందంటున్నారు. లేజర్ వల్లేనా? నాలుగు రోజుల్లో రెండో సిట్టింగ్ ఎలాగూ ఉంది, అప్పటిదాకా ఆగొచ్చా?

రెటీనా_డ్యూటీ
ఆగొద్దు. కొత్తగా వచ్చిన చుక్క కాబట్టి ఈ రోజే చూపించండి. లేజర్ వేశాక నాళాలు ముడుచుకోవడానికి వారాలు పడుతుంది, ఈలోగా రక్తం కారే అవకాశం ఉంటుంది. కారినా రెటీనా ఊడకపోతే భయం లేదు, మిగతా లేజర్ త్వరగా పూర్తి చేస్తారు. వెళ్లేటప్పుడు పాత ఫొటోలు తీసుకెళ్లండి. ఈ రాత్రి తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోమనండి.

చిన్నకొడుకు
బయల్దేరాం.

చిన్నకొడుకు
చూశారు. పాత గీత పక్కనే కొంచెం కొత్త రక్తం, రెటీనా గట్టిగానే ఉంది. రెండో సిట్టింగ్ రేపటికి మార్చారు.

సూదిభయం
నా వాయిదా వచ్చే వారం ఉంది. ఈసారి తప్పకుండా వెళ్తున్నాను.